వేసవి వనభోజనము: తోట నెన్నుకొను విధము

ప్రతి సంవత్సరము నవంబరు మాసము సమీపించునప్పటికి మన మందిరములలో ఒక ప్రశ్న బయలుదేరును: "ఈ యేడు వనభోజనమునకు ఎక్కడికి పోవుదము?" యువకులు షామరెల్ జలపాతము చూడవలె నందురు. పిల్లలు పెద్ద తాబేళ్లున్న చోటు కావలె నందురు. తల్లులు నీటివసతి యున్నదా, మరుగుదొడ్డి యున్నదా యని విచారింతురు. అవ్వలు మాత్రము "మీ యిష్టమే నా యిష్టము, నాయనా" యని యూరకుందురు. తీరా ఆ దినము వచ్చినప్పుడు మెట్లెక్కలేక, ఎండకు తాళలేక, బస్సులోనే కూర్చుండి పొట్లము విప్పుకొని తినువారును ఆ యవ్వలే.

కావున ఈ మాసము స్థలము నెన్నుకొను విషయమై నాలుగు మాటలు వ్రాయుచున్నాము. సముద్రతీరమునకు మనము ఎప్పుడైనను పోగలము. లోతట్టు ప్రాంతములలోని పాత చెరకుతోటలు, తేయాకుతోటలు, పండ్లతోటలు ఇప్పుడు సందర్శకులకు ద్వారములు తెరచియున్నవి. వానిని గూర్చియే ఇచ్చట ముచ్చటింతము.

వనభోజనము మనకు క్రొత్త వేడుక గాదు. ఆంధ్రదేశమున కార్తికమాసములో ఇరుగుపొరుగువారు, బంధువులు కలసి ఊరిబయట తోటకు పోయి, ఉసిరిచెట్టు నీడను పూజ చేసి, వండుకొని, అందరును ఒక్క పంక్తిని కూర్చుండి భుజించుట అనాదిగా వచ్చుచున్న ఆచారము. అక్కడ కార్తికము చలి యారంభమగు కాలము. ఎండలో కూర్చున్నను హాయిగనే యుండును. మన మారిషస్ ద్వీపము భూమధ్యరేఖకు దక్షిణమున నున్నది గనుక అదే కార్తికములో మనకు వేసవి యారంభమగును. నవంబరు మొదలు ఏప్రిల్ వరకు మనకిది ఎండలు, వానలు, తుపానులు కలసి వచ్చు కాలము. లీచీపండ్లు ఎర్రబారుట, ఫ్లాంబొయాంచెట్లు పూచుట ఈ కాలమందే. ఆచారము అక్కడిదే యైనను, దానిని జరుపుకొనుట ఇక్కడి ఎండలో, ఇక్కడి వానలో. ఈ సంగతి మరచినచో పుణ్యము మాట యటుంచి, వడదెబ్బ తప్పదు.

ముందుగా దినమును గూర్చి. నవంబరు, డిసెంబరు మొదటి పక్షము మంచివి. జనవరి, ఫిబ్రవరి, మార్చి మాసములలో తుపానుల భయము, భారీవర్షముల భయము మెండు. వాతావరణ శాఖవారు తుపాను హెచ్చరిక మొదటి తరగతిది ప్రకటించినను ప్రయాణము మానుకొనవలెను. "బస్సుకు బయానా ఇచ్చితిమి, వంటసామాను కొంటిమి" యని వాదించుట తగదు. 2013వ సంవత్సరము మార్చి 30వ తేదీన పోర్టులూయిస్ నగరములో ఆకస్మికముగా వచ్చిన వరదలో పదునొకండుగురు ప్రాణములు గోల్పోయిరి. అది తుపాను గాదు, కొలది గంటల వాన మాత్రమే. మన ద్వీపమున నదులు పొట్టివి, వాలు ఎక్కువ. ఎగువ మెట్టమీద వాన కురిసినచో, దిగువ ఎండ కాయుచుండగనే ఏరు పొంగును. ఏటియొడ్డున చాపలు పరచుట చూచుటకు సొంపుగ నుండును. కాని ఏటికి ఎగువగా, గట్టు మీద కూర్చుండుటయే బుద్ధిమంతుల పని.

ఇక స్థలమును గూర్చి. దూరపు కొండలు నునుపు అని మనవారు ఊరక చెప్పలేదు. పటములో అందముగ గన్పట్టు చోటు ముసలివారికి, చంటిపిల్లల తల్లులకు అనుకూలముగా నుండునని నమ్మరాదు. మొదట విచారింపవలసినవి అయిదు. ఒకటి, మధ్యాహ్నము పండ్రెండు గంటలకు నీడ యెచ్చట పడును? ఉదయము చూచిన నీడ మధ్యాహ్నమునకు నిలువదు. రెండు, బస్సు దిగిన చోటినుండి కూర్చుండు చోటికి ఎన్ని అడుగులు, ఎన్ని మెట్లు? మూడు, త్రాగునీరు, మరుగుదొడ్డి యెంత దూరమున నున్నవి? నాలుగు, వాన వచ్చినచో తలదాచుకొనుటకు కప్పు గలదా? అయిదు, తోటవారు మన భోజనమును మనము తెచ్చుకొననిత్తురా? ఈ కడపటి ప్రశ్న అన్నిటికంటె ముఖ్యము. అనేక తోటలలో వారి భోజనశాలలే యున్నవి. బయటి ఆహారమును అనుమతింపనిచో, అరువదిమంది ముందు పులిహోర గంగాళము దించుకొని ద్వారము కడ నిలువవలసి వచ్చును. ముందుగా వ్రాతమూలకముగ అనుమతి పొందుట మేలు.

మనవారు తరచుగా తలపెట్టు స్థలములను ఈ అయిదింటితో తూచి చూతము.

షామరెల్ నైరుతి దిక్కున కొండలమీద నున్నది. ఎనుబది మీటర్లకు మించిన జలపాతము, ఏడురంగుల మన్ను గల తిన్నెలు చూడదగినవే. ఆ మన్ను మీద ఎవరును అడుగు పెట్టరాదు, కంచె వెలుపలినుండి చూచి రావలెను. చూచుట అరగంటలో ముగియును. దారి మలుపులతో నిండినది. ప్రయాణమున కడుపు త్రిప్పు పిల్లలకు, వృద్ధులకు అది శ్రమ. యువకులు మాత్రమే పోవుటకు మంచి చోటు, కుటుంబములన్నియు కలసి పోవుటకు గాదు.

బువా షెరీ తేయాకుతోట దక్షిణపు మెట్టమీద, గంగా తలావునకు సమీపమున గలదు. అచ్చట తేయాకు 1892 నుండి పండుచున్నది. తీరమున చెమటలు గ్రక్కుచున్నప్పుడు అక్కడ చల్లని గాలి వీచును. అయితే చల్లదనముతో పాటు వాన వచ్చును. మన ద్వీపపు నడిమెట్టమీద ఏడాదికి దాదాపు 4000 మిల్లిమీటర్ల వర్షము పడును, పడమటి తీరమున 1000 మిల్లిమీటర్లు గూడ పడదు. గంగా తలావు దర్శనముతో కలిపి పోదలచినవారు మధ్యాహ్నపు భోజనమునకు కప్పుగల చోటును ముందుగనే కుదుర్చుకొనవలెను. కోతుల సంగతియు మరువరాదు. తలావు పరిసరములలో అవి చేతిలోని అరటిపండును, సంచిలోని కొబ్బరిచిప్పను నదరు బెదరు లేక లాగుకొనిపోవును. వానికి మేత వేయుట దయ గాదు, మరింత తెంపరితనము నేర్పుట.

ఆగ్నేయమున ఫెర్నే లోయ గలదు. అచ్చట స్వదేశీవృక్షములతో నిండిన అడవిని కాపాడుచున్నారు. 1974లో అడవిలో నాలుగు మాత్రమే మిగిలెనని లెక్కించిన మారిషస్ చిన్నడేగ ఇప్పుడు ఆ ప్రాంతమున నెగురుచున్నది. పాఠశాల విద్యార్థులకు ఇంతకంటె మంచి పాఠము లేదు. కాని అది నడకదారుల చోటు. మోకాళ్ల నొప్పులవారికి తగినది గాదు.

ఉత్తరమున మాపూ కడ లాబూర్దొనే భవనము, దాని చుట్టు పండ్లతోట యున్నవి. భవనము 1859లో పూర్తియైనది, 2010లో మరమ్మతులు ముగించి ప్రజలకు తెరచిరి. నేల చదునైనది, చెట్లు పాతవి, నీడ దట్టమైనది. మామిడి కాయు కాలము మన వేసవియే. పిల్లలు ఒక్క కాయయైనను కోయకుండ చూచుట మన మర్యాద.

దానికి దగ్గరలోనే పాంప్లెమూస్ తోట యున్నది. ఇదియు పూర్వమొక దొరతనపు తోటయే. 1735లో గవర్నరు మాహే దె లా బూర్దొనే ఆ భూమిని కొని తన నివాసముగ చేసికొనెను. పిమ్మట పియెర్ పువావ్ర్ అను నాతడు నానాదేశముల మొక్కలను తెచ్చి నాటించెను. 1988 నుండి దానికి సర్ శివసాగర్ రాంగులాం పేరు పెట్టబడినది. ఆ మహనీయుని దహనసంస్కారము 1985లో ఆ తోటయందే జరిగెను. పళ్లెరములవంటి ఆకులు గల పెద్ద కలువలు, దశాబ్దములు పెరిగి ఒక్కమారే పూచి ఎండిపోవు తాళిపత్రవృక్షములు, పెద్ద తాబేళ్లు, చదునైన బాటలు అన్నియు నచ్చట గలవు. దానికి ప్రక్కనే బో ప్లాన్‌లో 1999లో మూతపడిన చక్కెర కార్ఖానాను 2002 నుండి ప్రదర్శనశాలగ మార్చి చూపుచున్నారు. అవ్వలు, పిల్లలు ఒక్కచోట నుండగల తావు కావలెనన్నచో ఈ ఉత్తరపు ప్రాంతమే మిక్కిలి తగినదని మా అభిప్రాయము.

ఇంతవరకు వసతులను గూర్చి చెప్పితిమి. ఇంకొక సంగతి గలదు, దానిని దాటి పోరాదు. కొందరు పెద్దలు "తాబ్లిస్మాకు నేను రాను" అందురు. మన తాతలు ఎస్టేటును ఆ పేరుతోనే పిలిచిరి. వారు రాననుటకు కారణము మోకాళ్లు మాత్రమే గాదు.

1834 నుండి 1920 ప్రాంతము వరకు దాదాపు నాలుగున్నర లక్షలమంది ఒప్పందపు కూలీలు ఈ ద్వీపమునకు వచ్చిరి. వారిలో కోరంగి రేవునుండి, విశాఖపట్టణపు ప్రాంతమునుండి వచ్చిన మనవారున్నారు. రేవు పేరే జాతి పేరై మనలను కొరింగీలనిరి. ఆ కాలమున తోట విడిచి బయటికి పోవలెనన్నచో చీటి కావలెను. ఒక దినము పని మానినచో రెండు దినముల కూలి కోసెడివారు. 1867లో వచ్చిన చట్టము ప్రకారము ఒప్పందము ముగిసినవారు గూడ తమ ఛాయాచిత్రము అంటించిన చీటి లేక తిరిగినచో దేశదిమ్మరులని పట్టుకొనెడివారు. ఆ బాధ తాళలేక 1871లో 9401 మంది పాత కూలీలు గవర్నరునకు విన్నపము పెట్టుకొనిరి. దానిని నడిపించిన అడాల్ఫ్ దె ప్లెవిట్జ్ తాను గూడ ఒక తోటను చూచుకొనువాడే. ఆ మరుసటి యేడు ఇంగ్లండునుండి విచారణ సంఘము వచ్చెను. మనకంటె ముందు ఆ తోటలలో ఆఫ్రికా, మడగాస్కరు దేశములనుండి తేబడిన బానిసలు పనిచేసిరి. బానిసత్వము 1835 ఫిబ్రవరి 1వ తేదీన తొలగెను. ఆ చెమటయు మన చెమటవంటిదే.

చెరకుపొలముల నడుమ గుట్టలుగ పేర్చిన నల్లరాళ్లను మనము బస్సు కిటికీనుండి చూచి "ఎంత అందము!" అందుము. ఆ రాళ్లను భూమినుండి పెకలించి, నెత్తిన మోసి, అక్కడ పేర్చినది ఎవరో పిల్లలకు ఎవరు చెప్పుదురు? కావుననే తోటకు పోవద్దని మేము చెప్పము. పోవలెనని చెప్పుచున్నాము. చీటి లేనిదే గడప దాటరాని తోటకు నేడు ఆ మనుమలే అతిథులై, తలయెత్తి, ముందు ద్వారమున ప్రవేశించుట సామాన్యమైన విషయము గాదు. అయితే తెలిసి ప్రవేశింపవలెను. రానన్న పెద్దను బలవంతము చేయరాదు, ఎందుకు రానంటిరని ప్రేమతో అడుగవలెను. ఆ జవాబే పిల్లలకు పాఠము. కొన్ని తోటల అంచున, పాత కాంపు లుండినచోట, చెట్టు క్రింద అమ్మవారి రాయియో, చిన్న గుడియో ఇంకను గలదు. మన దారిలో అట్టిది యున్నచో భోజనమునకు ముందు అచ్చట ఒక దీపము వెలిగించి, పేర్లు తెలియని పూర్వులకు నమస్కరించుట మంచిది. నవంబరు 2వ తేదీ కూలీల రాకను తలచుకొను సెలవుదినము గనుక, వనభోజనము ఆ దినమునకు సమీపమున నున్నచో మరియు నుచితము.

ఇక వంట మాట. ఎండకు చెడని పదార్థములే చేయవలెను. చింతపండు పులిహోర సాయంత్రము వరకు నిలుచును. కొబ్బరిపచ్చడి, పెరుగన్నము త్వరగా పులియును గనుక వానిని మంచుపెట్టెలో నుంచి ముందుగ వడ్డింపవలెను. ఏడు కూరల భోజనము పెండ్లిపందిట శోభించును. తోటలో మూడు చాలును, వంటచేయు ఆడవారికిని అది పండుగదినమే గదా. అరటియాకులలో వడ్డించుట మన ఆచారము. 2021 జనవరి 15 నుండి ఒక్కమారు వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు ఈ దేశమున నిషేధింపబడినవి. చట్టము ఇప్పుడు చెప్పినది మన పెద్దలు ఎన్నడో చేసిరి. తిన్న ఆకులు, తొక్కలు సంచులలో నెత్తుకొని వెనుకకు తేవలెను. మనము లేచిన తరువాత ఆ చోట మన గుర్తు నలిగిన గడ్డి మాత్రమే కావలెను.

తుదకు ఒక మనవి. స్థలమును నిర్ణయించుటకు ముందు ఇద్దరిని పంపి చూపించుడు. ఆ ఇద్దరిలో ఒకరు డెబ్బది యేండ్లు దాటినవారు, ఒకరు చంటిబిడ్డ తల్లి కావలెను. మధ్యాహ్నమే పోయి చూడవలెను. వారు కూర్చుండి సుఖముగ లేచి రాగలిగిన చోటు అందరికిని సరిపోవును. సభలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు యువకులు కొంచెము ఓపిక పట్టి, మొదటి మాట అవ్వలను చెప్పనిండు. "మీ యిష్టమే" అన్నచో అంతటితో విడువక, "మీరు మాతో పంక్తిలో కూర్చుండుటయే మా యిష్టము" అని మరల అడుగుడు.