వినతిపత్రం: చదువులో ఇబ్బంది పడే మా పిల్లలను పరీక్షించి ఆదుకోండి

గౌరవనీయులైన కర్నూలు జిల్లా కలెక్టర్ గారి సమక్షమునకు,
హాలహర్వి మండల బడిపిల్లల తల్లిదండ్రులు సమర్పించుకొను వినతి.

విషయం: అభ్యసన వైకల్యాలున్న పిల్లలను చిన్న తరగతుల్లోనే గుర్తించుట గురించి.

అయ్యా,

మా పిల్లల్లో కొందరు పాఠం నోటితో అడిగితే తడుముకోకుండా చెప్తారు, రాయమంటే ఆగిపోతారు. మూడో తరగతికొచ్చినా ‘మ’ను ‘య’ అని చదువుతారు, ఒత్తులు వదిలేస్తారు, 12ను 21 అని రాస్తారు. బోర్డు మీది నాలుగు వాక్యాలు ఎక్కించుకునేలోపు పీరియడ్ అయిపోతుంది. నెలల తరబడి నేర్పినా ఇవి పోకపోతే దాన్ని సోమరితనమనకూడదు. తెలివికి లోటు లేని పిల్లలకూ డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది), డిస్గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది), డిస్కాల్కులియా (లెక్కల్లో ఇబ్బంది) అనే అభ్యసన వైకల్యాలు ఉంటాయి. ఆ సంగతి తెలియని చోట వాళ్లు ‘మొద్దు’ అనిపించుకుని, దెబ్బలు తిని, చివరికి బడి మానేస్తున్నారు.

మా మండలంలో ఈ వైకల్యాలను పసిగట్టడం మరీ కష్టం. పనుల్లేని నెలల్లో ఎన్నో కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు వైపు మిరపకోతలకు, సుగ్గికి (వలస కూలికి) పోతాయి. కొన్ని ఇళ్లలో మాట్లాడేది కన్నడం, బడిలో చెప్పేది తెలుగు. అందుకే ఎవరు వెనకబడినా సుగ్గి వల్లనో, భాష వల్లనో అని సరిపెడుతున్నారు. బడి తప్పిన వెనకబాటు శ్రద్ధగా చెప్తే తీరుతుంది. అభ్యసన వైకల్యానికి బోధనా పద్ధతే మారాలి. ఏది ఏదో తేల్చేవారు మాకు కావాలి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యమూ ఒకటి. వీలైనంత త్వరగా గుర్తించి తగినట్టు బోధించాలని 16వ సెక్షన్, ఐదేళ్లకోసారి బడిపిల్లల సర్వే జరపాలని 17వ సెక్షన్ చెబుతున్నాయి. కనుక మా కోరికలు:

1. మూడో తరగతి పిల్లలందరికీ ముందుగా చూపు, వినికిడి పరీక్షలు చేయించి, తర్వాత ఉపాధ్యాయులచే ప్రాథమిక పరిశీలన జరిపించాలి. సుగ్గికి పోయిన పిల్లలను తిరిగొచ్చాక తప్పక చూడాలి.

2. ఈ పరిశీలనకు పనికొచ్చే ఎన్‌సీఈఆర్‌టీ ప్రశస్త్ యాప్ వాడకంలో మండలంలోని ప్రతి ఉపాధ్యాయునికీ శిక్షణ ఇవ్వాలి.

3. కన్నడం మాట్లాడే పిల్లలను కన్నడంలోనే పరీక్షించాలి.

4. వైకల్య నిర్ధారణ కోసం కూలి పోగొట్టుకుని కర్నూలు దాకా పోలేము. పిల్లల డాక్టరు, సైకాలజిస్టు ఆదోనికి వచ్చి నెలకోసారి శిబిరం పెట్టి, ధ్రువపత్రాలు అక్కడే ఇవ్వాలి.

5. గుర్తించిన పిల్లలకు భవిత కేంద్రాల (ప్రత్యేక అవసరాల పిల్లల కేంద్రాల) ఉపాధ్యాయుల బోధన, పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ (జవాబులు రాసిపెట్టే సహాయకుడి) సౌకర్యం అందించాలి.

ఈ పనులు ఈ విద్యా సంవత్సరంలోనే, కుటుంబాలు సుగ్గికి బయలుదేరకముందే మొదలుపెట్టించి, ఏ పని ఏ అధికారి బాధ్యతో మాకు రాతపూర్వకంగా తెలియజేయాలని ప్రార్థిస్తున్నాము.

ఇట్లు,
తమ విధేయులు,
బడిపిల్లల తల్లిదండ్రులు,
హాలహర్వి మండలం.