మాక్రో కూడా అమానతే

పోయిన రంజాన్ ఆఖరి అష్రాలో మా మొహల్లా మస్జిద్ ఆఫీసులో ఒక కుర్రాడు నావల్ల తిట్లు తిన్నాడు. కసూర్ నాది, ఇల్జామ్ అతని మీద పడింది. ఈ సంగతి నాకు తెలిసేసరికి రెండు రోజులు గడిచిపోయాయి.

జకాత్ పంపిణీ కోసం నేనొక ఎక్సెల్ ఫైల్ చేసిచ్చాను. అందులో బేవాల పేర్లు, ఇంట్లో ఎంతమంది, ఎవరికి ఎంత అనే హిసాబ్ ఉంటుంది. బటన్ నొక్కితే మాక్రో ఒక్కో పేరుకీ వర్డ్‌లో చిట్టీ తయారుచేసి ప్రింట్ తీస్తుంది. ఆ చిట్టీ చూపిస్తే దుకాణంలో బియ్యం, నూనె, సేమియా ఇస్తారు. రెండు రంజాన్లు బాగానే నడిచింది. ఈసారి సదర్ సాబ్ ఒక కాలమ్ చేర్చమన్నారు. ఇంట్లో కొత్త ల్యాప్‌టాప్‌లో ఫైల్ తెరిచాను, కాలమ్ చేర్చాను, బటన్ ఒకసారి నొక్కి చూసుకున్నాను. అంతా ఠీక్. సేవ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పంపించేశాను.

మస్జిద్‌లో ఉన్నది ఆఫీస్ 2010 వేసిన పాత కంప్యూటర్. అక్కడ మౌజన్ సాబ్ కొడుకు బటన్ నొక్కితే ‘కాంట్ ఫైండ్ ప్రాజెక్ట్ ఆర్ లైబ్రరీ’ అని వచ్చింది. దాని వెనక కోడ్‌లో ‘డేట్’ అనే మాట మీద రంగు పడి ఉంది. కమిటీ పెద్దలకు అర్థమైంది ఒక్కటే: పిల్లాడు తారీఖు దగ్గర ఏదో గెలికి ఖరాబ్ చేశాడు. బయట బుర్ఖాల్లో ఆడవాళ్లు లైను కట్టి నిలబడ్డారు. సగంమందిని రేపు రమ్మని పంపించేశారు. ఆ కుర్రాడు తరావీ తర్వాత కూర్చుని, సెహరీ దాకా చిట్టీలన్నీ చేత్తో రాశాడు.

అసలు జరిగిందేమిటంటే, ఎక్సెల్ మాక్రో వర్డ్‌తో పని చేయించుకోవడానికి ఒక దారి, వర్డ్ లైబ్రరీని ముందే ఫైల్‌కు ముడివేయడం. ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కి, టూల్స్‌లో రెఫరెన్సెస్ తెరిస్తే ఆ జాబితా కనిపిస్తుంది. ఒక్కో లైబ్రరీకి ఒక్కో నంబరు. ఆఫీస్ 2007ది 12.0, 2010ది 14.0 (మధ్యలో 13ను వదిలేశారు), 2013ది 15.0. 2016 నుంచి 2019, 2021, 365 దాకా అన్నిటిదీ 16.0యే. పాత నంబరుతో ముడివేసిన ఫైల్‌ను కొత్త ఆఫీస్‌లో తెరిస్తే, అది మనల్ని అడక్కుండానే ముడిని కొత్త నంబరుకు మార్చేస్తుంది. సేవ్ చేస్తే ఆ మార్పు ఫైల్‌లో ఉండిపోతుంది. తిరిగి పాత ఆఫీస్‌కు వెళ్తే మాత్రం కిందికి దిగదు. ఆ జాబితాలో వర్డ్ 16.0 పక్కన ‘మిస్సింగ్’ అని పడుతుంది.

ఇంకో ముసీబత్ ఉంది. ఒక లైబ్రరీ దొరక్కపోతే ఎర్రర్ ఆ లైబ్రరీ వాడిన లైను మీదే పడాలని లేదు. డేట్, లెఫ్ట్, ఫార్మాట్ లాంటి బేకసూర్ మాటల మీద పడుతుంది. కోడ్‌లో జరిగేదే ఆఫీసులోనూ జరిగింది. తప్పు ఒకచోట, వేలు చూపించింది ఇంకోచోట.

ఈ మాట చెబితే ఐటీలో పనిచేసే నా దోస్తులు ఇచ్చే సలహా ఒకటే: “కొత్త ఆఫీస్ కొనమనండి భాయ్, పదిహేనేళ్ల నాటి సామాను ఇంకా ఎందుకు?” 2010కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020లోనే ఆగిపోయింది, నిజమే. మార్చుకోవడం మంచిదే. కానీ చందాల మీద నడిచే మస్జిద్ కమిటీకి, మహిళా సంఘానికి, ఊళ్లో ఎరువుల దుకాణానికి ఆ ఖర్చు ఎప్పుడు పెట్టాలో చెప్పే హక్ మాక్రో రాసినవాడికి లేదు. వాళ్ల యంత్రం నిన్నటి దాకా నడిచింది. ఆపింది నా ఫైల్. ఇతరుల చేతిలో పెట్టిన మాక్రో అమానత్ లాంటిది. అది వాళ్ల దగ్గర, వాళ్లకున్న సామానుతో నడిచేలా చూసే జిమ్మేదారీ రాసినవాడిదే.

ఈ జిమ్మేదారీ మరీ బరువైనదేమీ కాదు. ముందే ముడి వేయకుండా, అవసరం పడ్డ క్షణంలో ‘క్రియేట్‌ఆబ్జెక్ట్’తో వర్డ్‌ను పిలవొచ్చు. దీన్ని లేట్ బైండింగ్ అంటారు. వర్షన్ నంబరు చెప్పకుండా వర్డ్ అని పిలిస్తే, ఆ కంప్యూటర్‌లో ఏ వర్డ్ ఉంటే అదే పలుకుతుంది. దీనికి ఎదురుగా చెప్పే మాటలూ కొట్టిపారేసేవి కావు. ముందే ముడివేస్తే టైప్ చేస్తుంటే పేర్లు వాటంతట అవే వస్తాయి, పొరపాట్లు ముందే బయటపడతాయి, కొంత వేగం కూడా ఉంటుంది. అలాగే కానివ్వండి. ఇంట్లో రాసుకునేటప్పుడు ముడివేసుకుని రాయండి. ఇంకొకరికి ఇచ్చేముందు విప్పేయండి.

విప్పేటప్పుడు ఒక హుషారీ కావాలి. లైబ్రరీ పోతే దానిలోని పేర్లూ పోతాయి. పీడీఎఫ్‌గా సేవ్ చేయమనడానికి వర్డ్‌లో ఒక పేరుంది, దాని విలువ 17. ముడి విప్పాక ఆ పేరు వర్డ్‌దని ఎక్సెల్‌కు తెలియదు. పైన ‘ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్’ రాసి ఉంటే అక్కడే ఆగి చెబుతుంది. లేకపోతే దాన్ని ఖాళీ పేరుగా, అంటే సున్నాగా లెక్కేస్తుంది. వర్డ్‌లో సున్నా అంటే పాత డాక్ ఫైల్. పేరు చివర పీడీఎఫ్, లోపల డాక్! తెరవబోతే తెరుచుకోదు. కాబట్టి అలాంటి చోట పేరు బదులు 17 అని నంబరే రాయాలి.

లేట్ బైండింగ్ అన్ని మర్జ్‌లకూ దవా కాదు. ఎక్స్‌లుకప్ లాంటి ఫార్ములా 2010లో అసలే లేదు, ఎలా పిలిచినా రాదు. విండోస్‌ను నేరుగా పిలిచే పాత డిక్లేర్ లైన్లు 64 బిట్ ఆఫీస్‌లో ‘పీటీఆర్‌సేఫ్’ లేకుండా నడవవు. క్యాలెండర్ కోసం పెట్టుకునే పాత 32 బిట్ డేట్ పికర్ కూడా అక్కడ పనిచేయదు. మ్యాక్‌లో స్క్రిప్టింగ్ డిక్షనరీ దొరకదు. అందుకే ఫైల్ ఇచ్చేముందు నాలుగు మాటలు అడగాలి: మీ ఆఫీస్ ఏ సంవత్సరానిది? 32 బిట్టా, 64 బిట్టా? విండోసా, మ్యాకా? ఇంకెవరెవరు తెరుస్తారు? ఆ తర్వాత అందరిలోకీ పాత కంప్యూటర్ మీద నడిపి చూసి ఇవ్వాలి.

కొందరు ఇంకో ఉపాయం చెబుతారు: మాక్రోయే తన రెఫరెన్సులను తానే సరిచేసుకునేలా రాయమని. దానికి మాక్రో సెట్టింగుల్లో వీబీఏ ప్రాజెక్టును ముట్టుకునే ఇజాజత్ ఆన్ చేయాలి. ఒకసారి ఆ తలుపు తీస్తే, రేపు ఇంకెవరి ఫైల్‌లోంచో వచ్చిన చెడు కోడ్‌కూ అదే దారి. పేర్లూ పైసలూ ఉన్న కంప్యూటర్‌లో నేను ఆ పని చేయించను.

జకాత్ హక్‌దారుల ఎనిమిది వర్గాల్లో వసూలు, పంపిణీల కోసం పనిచేసేవాళ్లూ ఉన్నారు. అంటే ఆ మెహనత్‌కు దీన్‌లో ఒక ఇజ్జత్ ఉంది. మనం చేసిచ్చే ఫైళ్లు నడిచినప్పుడు షుక్రియా మనకొస్తుంది, ఆగినప్పుడు గాలీ బటన్ నొక్కిన చేతికి తగులుతుంది. ఇది నాఇన్సాఫీ.

ఈద్ తర్వాత జుమా రోజు సదర్ సాబ్ ముందే ఆ కుర్రాణ్ని మాఫీ అడిగాను. “పర్లేదు అంకుల్, చేత్తో రాయడంతో అందరి పేర్లూ నోటికొచ్చాయి” అని నవ్వాడు. ఆ సాయంత్రం అతని పక్కనే కూర్చుని, అదే పాత కంప్యూటర్ మీద ఫైల్‌ను మళ్లీ కట్టాను. ఇప్పుడు దాని మొదటి షీట్‌లో మూడు లైన్లున్నాయి: ఏ ఏ వర్షన్లలో నడిపి చూశాం, ఎవరు రాశారు, ఆగితే ఎవరికి ఫోన్ చేయాలి. ఆ నంబరు నాదే.