నీటి లెక్క చెప్పండి

2024 సెప్టెంబర్ 26 రాత్రి హెలీన్ హరికేన్ ఫ్లోరిడా తీరం దాటింది. గంటకు 225 కిలోమీటర్ల గాలి, కేటగిరీ 4. తీరప్రాంతాల వాళ్లను ముందే ఇళ్లు ఖాళీ చేయమన్నారు. కానీ అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువమంది చనిపోయింది ఉత్తర కరొలైనాలో, అదీ కొండ ఊళ్లలో. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, రెండువేల అడుగుల పైచిలుకు ఎత్తున ఉన్న ఆష్‌విల్‌లో నదుల ఒడ్డున ఉన్న పేటలు మునిగిపోయాయి.

హరికేన్ రాకముందే అక్కడ వానలు పడి నేల నానిపోయింది. ఆపైన తేమ మోసుకొచ్చిన గాలులు బ్లూ రిడ్జ్ కొండలకు తగిలి పైకి లేచి, చల్లబడి, ఉన్నదంతా కుమ్మరించాయి. బ్యూసిక్ అనే చోట మొత్తం 78 సెంటీమీటర్ల వాన పడింది. మైదానంలో అయితే వరద పక్కలకు పరుచుకుంటుంది. ఇరుకు లోయలో దానికి చోటేదీ? పైకే లేస్తుంది. ఫ్రెంచ్ బ్రాడ్ నది 1916 నాటి రికార్డును దాటేసింది. కొండచరియలు ఇళ్ల మీద విరిగిపడ్డాయి. జలాశయం నుంచి వచ్చే పెద్ద గొట్టాలు కొట్టుకుపోయి, జలాశయం నీరే బురదగా మారడంతో ఆష్‌విల్ కుళాయిల్లో తాగే నీళ్లు మళ్లీ రావడానికి 53 రోజులు పట్టింది.

అమెరికా వాతావరణ శాఖ ముందే గట్టిగా హెచ్చరించింది. అయినా జనం చెవిన పడేది కేటగిరీ అంకె. అది గాలి వేగాన్నే చెబుతుంది, వాన సంగతి చెప్పదు. హెలీన్ ఆ కొండల దాకా వచ్చేసరికి హరికేన్ స్థాయి కూడా లేదు. వరద ముప్పు పటంలో తమ వీధి లేదు కదా అని బీమా తీసుకోని కుటుంబాలే అక్కడ చాలా ఎక్కువ. ఇల్లూ పోయి, పరిహారమూ లేక వాళ్లు పడ్డ బాధ తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

అదే సెప్టెంబర్ ఒకటిన మన ఖమ్మం మునిగింది. కళింగపట్నం దగ్గర తీరం దాటింది పేరైనా పెట్టని వాయుగుండం. మున్నేరు నది ఇళ్లలోకి వచ్చింది. కేసముద్రం దగ్గర కంకర కొట్టుకుపోయి రైలు పట్టాలు గాల్లో వేలాడాయి. విజయవాడను బుడమేరు వాగు ముంచింది.

‘భారీ నుంచి అతి భారీ వర్షాలు’ అని జిల్లా పేరు చెప్పి ఊరుకుంటే ఏ ఇంటివాళ్లు కదలాలో ఎవరికి తెలుస్తుంది? మున్నేరు ఎన్ని అడుగులకు చేరితే ఏ వీధిలోకి నీళ్లొస్తాయో, ఎన్ని గంటల్లో వస్తాయో మైకుల్లో చెప్పాలి. కరెంటు స్తంభాల మీద ఆ ఎత్తుకు గీతలు గీయాలి. వచ్చే వానాకాలానికి ముందే ఈ పని జరగాలి. 2024లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ వీధుల వాళ్లే చూపిస్తారు.