చెడిన ఫైలు – గ్రంథపాతం

తాళపత్ర గ్రంథాలతో పరిచయం ఉన్నవారికి ‘గ్రంథపాతం’ అన్న మాట కొత్త కాదు. ఆకు విరిగినా, చెదలు తిన్నా, లేఖకుడు పరాకున ఒక పంక్తిని దాటవేసినా, పరిష్కర్త ఆ చోట చుక్కలు పెట్టి అక్కడ గ్రంథం లోపించిందని సూచిస్తాడు. విద్వాన్ పరీక్షకు చదివే రోజులలో ఆ చుక్కలను చూసి విసుగు పడేవాణ్ణి. ఛందస్సు తెలిసిన పండితుడు ఆ నాలుగు గణాలు పూరించలేడా అనుకొనేవాణ్ణి. వాటి విలువ నాకు అరవై దాటిన తరువాత, ఒక ఎక్సెల్ ఫైలు చెడిపోయినప్పుడు గాని బోధపడలేదు.

ఉద్యోగ విరమణ తరువాత మా పల్నాటి సేద్యపు మాటలను కూర్చే పని పెట్టుకున్నాను. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించిన, భద్రిరాజు కృష్ణమూర్తి గారి ‘మాండలిక వృత్తి పదకోశం’ తొలి సంపుటం వ్యవసాయ పదాలదే. ఆ మహత్కార్యం ముందు నాది ఉడతాభక్తి. ట్రాక్టరు వచ్చి గొర్రు, గుంటక అటకెక్కాయి. జడ్డిగంలో గింజలు పోసిన చేతులు కరవైపోతున్నాయి. అందుచేత గురజాల, మాచర్ల, కారెంపూడి పరిసర గ్రామాలు తిరిగి, విన్న మాటలన్నీ ఒక పట్టికలో ఎక్కించుకున్నాను. పదం, అర్థం, ఊరు, చెప్పినవారు అని నాలుగు నిలువు గడులు. వరుసలు 3,100 పైచిలుకు. మొదట నోటు పుస్తకంలో వ్రాసుకొని తరువాత ఎక్కించేవాణ్ణి. చివరి కొన్ని నెలలు మాత్రం కంప్యూటరు ఉన్నదిగదా అన్న ధీమాతో నేరుగా అందులోనే వ్రాశాను. ఉన్న ఒక్క ప్రతీ పెన్‌డ్రైవులోనే. ఒకనాడు అది పని ముగించకముందే తొందరపడి ఊడబెరికాను. మరునాడు ఫైలు తెరుచుకోలేదు.

నరసరావుపేటలో ఉంటున్న నా పూర్వ విద్యార్థికి ఫోను చేశాను. అతడు మొట్టమొదట అన్నమాట ఇది: “మాస్టారూ, మీరు ఇక దాన్ని ముట్టుకోకండి. అందులో కొత్తగా ఏదీ దాచకండి. ముందు నకలు తీద్దాం, ఏం చేసినా నకలు మీదే చేద్దాం.” మూలప్రతిని తాకకుండా ప్రత్యంతరం మీద పని చేయడం మా శాస్త్రంలోనూ మొదటి పాఠమే. ఫైలు చెడగానే పదిసార్లు తెరవడం, దాని మీదనే మరల సేవ్ చేయడం, ఊరూ పేరూ తెలియని వెబ్‌సైటుకు పంపడం, ఈ మూడూ చేయరానివి.

ఎక్సెల్‌లోనే ‘ఓపెన్ అండ్ రిపేర్’ అనే ఉపాయం ఉంది. మా అదృష్టం, అది పని చేసింది. బాగు చేశామని ఒక చీటీ కూడా తెరపై కనిపించింది. నేను సంతోషించాను. అతడు మాత్రం కడపటి వరుసకు వెళ్ళి చూశాడు. 2,300 దాటిన తరువాత ఏమీ లేదు. బాగైనదని చెప్పిన యంత్రం, ఎనిమిది వందల వరుసలు పోయిన సంగతి చెప్పలేదు.

ఇక్కడ ఆ ఫైలు కట్టుబడి గురించి నాలుగు మాటలు చెప్పాలి. 2007 నుండి ఎక్సెల్ వాడుతున్న ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. నకలు పేరు చివర జిప్ అని మార్చి విప్పితే లోపల కొన్ని ఎక్స్‌ఎంఎల్ కాగితాలుంటాయి. ఒక కాగితంలో వరుసలు, గడులు ఉంటాయి. ‘షేర్డ్ స్ట్రింగ్స్’ అనే మరొక కాగితంలో మాటలుంటాయి. గడిలో మాట ఉండదు, ఆ మాట వరుస సంఖ్య ఉంటుంది. ఒకే మాట వెయ్యి గడులలో వచ్చినా మాటల జాబితాలో ఒక్కసారే వ్రాసి ఉంటుంది. ఇక జిప్ పద్ధతిలో కుదింపు అంటే, మునుపు వచ్చినదాన్ని మరల వ్రాయక ‘వెనుక ఫలానా చోట చూడుము’ అని సూచించడం. కనుక నడుమ ఒక రంధ్రం పడితే ఆ కాగితంలో దాని తరువాతి భాగమంతా అర్థం కాకుండా పోతుంది.

మా ఫైలులో గడుల కాగితానికి నడుమ చిల్లు పడింది. మాటల కాగితం నిక్షేపంగా ఉంది. పోయాయనుకున్న వరుసలలోని పదాలూ అర్థాలూ అందులో నేను ఎక్కించిన క్రమంలోనే దొరికాయి. కాని ఊరి పేర్లూ, చెప్పినవారి పేర్లూ మరల మరల వచ్చేవి కనుక జాబితాలో ఒక్కొక్కసారే ఉన్నాయి. మాటలు మిగిలాయి, అవి ఎవరివో తెలిపే దారం తెగిపోయింది. నోటు పుస్తకాలతో సరిచూసి చాలావరకు అతికించాను. చివరి నెలలవి రమారమి మూడు వందలు మిగిలిపోయాయి. వాటిలో చాలా మాటలు చెప్పిన గురజాల వైపు ముసలమ్మ గారు అంతలోనే కాలం చేశారు.

అప్పుడు నా శిష్యుడు మంచి మనసుతోనే ఒక సలహా ఇచ్చాడు. “మాస్టారూ, ఆ నెలల్లో మీరు ఎక్కువగా వెళ్ళింది ఆ ఊరికేగా. ఆ పేరే కిందిదాకా లాగేస్తే సరిపోతుంది.” మౌసుతో ఒక్క లాగు లాగితే మూడు వందల గడులు నిండుతాయి. నేను వద్దన్నాను. నా అభిప్రాయమంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. చెడిన ఫైలును బాగు చేయడం యంత్రం పని కాదు, పాఠపరిష్కరణ. దొరకని చోట దొరకలేదని వ్రాయడం అందులో ముఖ్యభాగం. ఖాళీ గడిని చూసినవాడు ఎప్పటికైనా వెతుకుతాడు. ఊహతో నింపిన గడిని ఎవడూ అనుమానించడు. మార్కుల జాబితా గాని, పింఛనుదారుల పట్టిక గాని, అలా నింపిన ఒక్క గడి ఒక మనిషికి అన్యాయం చేయగలదు.

యంత్రం మౌనంగా వదిలివేయడం నా ఒక్కడి అనుభవం కాదు. 2020లో ఇంగ్లండు ప్రజారోగ్య శాఖ కోవిడ్ లెక్కలకు పాతరకం ఎక్సెల్ ఫైలు వాడింది. అందులో 65,536 వరుసలకు మించి పట్టవు. సెప్టెంబరు 25 నుండి అక్టోబరు 2 వరకు 15,841 కేసులు దినవారీ లెక్కలోకి ఎక్కలేదు. అంతటి శాఖకూ అది వెంటనే తెలియలేదు.

దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. తెలుగు పట్టికను సీఎస్‌వీగా దాచి తెరిస్తే ఒక్కొక్కప్పుడు నెత్తిన కొమ్మున్న ఆంగ్ల ‘ఎ’లతో నిండిన పిచ్చిగీతలు కనిపిస్తాయి. అది చెడిపోవడం కాదు, లిపి ఎరుగనివాడు చదవడం. యూటీఎఫ్-8 అని చెప్పి తెరిస్తే అక్షరాలు యథాస్థానానికి వస్తాయి. కంగారుపడి ఆ స్థితిలోనే సేవ్ చేయరాదు. అక్షరాల స్థానంలో వట్టి ప్రశ్నార్థకాలే ఫైలులోకి ఎక్కితే మాత్రం ఆ ఫైలు నుండి తెలుగు ఇక తిరిగి రాదు.

బ్రౌను దొర 1829లో వేమన పద్యాలు అచ్చువేయక మునుపు ఎన్నో వ్రాతప్రతులు తెప్పించి పోల్చి చూచాడు. 1911లో అక్కిరాజు ఉమాకాంతం గారు పల్నాటి వీరచరిత్రను పరిష్కరించి ప్రకటించారు. వ్రాతప్రతులకు తోడు ఆ కథకు కారెంపూడిలో వీరవిద్యావంతుల కంఠం అనే మరో ప్రతి కూడా ఉంది. ఒక్క ప్రతినే నమ్ముకున్న గ్రంథం దైవాధీనం. ఇప్పుడు నా పట్టిక మూడు చోట్ల ఉంది. ఒకటి ఇంట్లో, ఒకటి శిష్యుని వద్ద, ఒకటి పాత రూపాలను కూడా కొంతకాలం దాచిపెట్టే గూగుల్ డ్రైవులో. ఏడాదికొకసారి కాగితం మీద అచ్చు తీస్తున్నాను. నోటు పుస్తకం మరల చేతిలోకి వచ్చింది.

మొన్న ఆ మూడు వందల మాటలూ కాగితంపై వ్రాసుకొని ఆ ముసలమ్మ గారి ఇంటికి వెళ్ళాను. ఒక్కొక్కటే చదువుతుంటే కోడలు పని ఆపి వచ్చి కూర్చుంది. “ఇది మా అత్త మాటే పంతులుగారూ” అని నలభై దాకా గుర్తుపట్టింది. “ఇది మాత్రం ఆమె నోట వినలేదండీ” అని కొన్నింటిని నిక్కచ్చిగా కాదన్నది. ఆ నలభై గడులు నిండాయి. తక్కినవాటిలో చుక్కలు పెట్టి ఉంచాను.