పాటల పెట్టె తాళం మీ దగ్గరే ఉండాలి

శామీర్‌పేట

కండ్లకోయ, మైసమ్మగూడ ఇంజినీరింగ్ కాలేజీలకు పొద్దున్నే బస్సులెక్కే పిల్లలకు ఈ ఉత్తరం.

మా ఇంట్లో ఒక రేకు పెట్టె ఉంది. దాని నిండా కేసెట్లు. మా వాడకట్టు ఆడవాళ్లు పాడిన బతుకమ్మ పాటలు, మల్లన్న పట్నాలప్పుడు తెల్లవార్లూ సాగిన ఒగ్గుకథ, ఇసుర్రాయి దగ్గర మా అమ్మ గొంతు. పాడినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు.

కొన్నేళ్ల కిందట వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఫోన్‌లో ఒక ఉచిత యాప్‌లో పాట పేరు, పాడినవారి పేరు, ఊరి పేరు ఓపిగ్గా రాసుకున్నాను. ఒకరోజు ఆ యాప్ ఆగిపోయింది. పాటలు మిగిలాయి, నేను రాసిన పేర్లన్నీ పోయాయి. మా అక్కను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో గొంతూ వినిపించి మళ్లీ రాశాను. రెండు గొంతులు ఆమె కూడా గుర్తుపట్టలేదు. అవి నేటికీ పేరు లేకుండానే ఉన్నాయి.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు అని నాకు అప్పుడు తెలిసింది. ఓపెన్ సోర్స్ ప్లేయర్ కోడ్ అందరి ముందూ ఉంటుంది. చేసినవాళ్లు వదిలేసినా ఇంకొకరు అందుకోవచ్చు. అమరాక్ 1.4 అనే ప్లేయర్‌ను ఇష్టపడ్డవాళ్లు, దాని రూపం మారిపోయాక, ఆ పాత కోడ్ ఆధారంగా 2010లో క్లెమెంటైన్ తెచ్చారు. అందులో పని మందగిస్తే 2018లో దాని నుంచి స్ట్రాబెర్రీ పుట్టింది. వీఎల్‌సీ ప్లేయర్ 1996లో పారిస్ దగ్గర విద్యార్థులు మొదలుపెట్టిన పని, 2001లో అందరిదైంది. మన హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తెలుగులో కంప్యూటర్ నడవాలని పూనుకున్నప్పుడు చేతులు కలిపినవాళ్లలో మీలాంటి ఇంజినీరింగ్ పిల్లలూ ఉన్నారు.

ఏ ప్లేయర్ ఎంచుకున్నా మూడు పరీక్షలు పెట్టండి. మొదటిది, ఒక పాటకు తెలుగులో పేరు రాసి, అదే ఫైల్‌ను వేరే ప్లేయర్‌లో తెరవండి. పేరు కనిపిస్తే అది ఫైల్‌లోనే ఉన్నట్టు. కనిపించకపోతే ప్లేయర్ తన సొంత ఖాతాలో దాచుకున్నట్టు, అది పోతే పేరూ పోతుంది. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా ఉన్నాయా, డబ్బాలుగా మారాయా అన్నదీ అక్కడే తేలుతుంది. రెండోది, పాటల జాబితాను ఎం3యూ8 అనే రకం ఫైల్‌గా దాచి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. మామూలు అక్షరాల్లో చదవగలిగితే ఆ జాబితా మీది. మూడోది, నెట్ ఆపేసి పాట పెట్టండి, అప్పుడూ మోగాలి.

బతుకమ్మ పాటలున్నవాళ్లకు నేను చెప్పేది క్వాడ్ లిబెట్ అనే ఓపెన్ సోర్స్ కంప్యూటర్ ప్లేయర్. ఒకే బాణీలో ఎన్నో పాటలుంటాయి కాబట్టి పాట పేరు ఒక్కటే చాలదు. అందులో ఊరికి, పాడినవారికి, సందర్భానికి మనకు కావలసిన గడులు మనమే పెట్టుకుని వెతుక్కోవచ్చు, గడి పేరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండాలి. ఫోన్‌లో వినడానికి వీఎల్‌సీ చాలు.

కేసెట్ ఎక్కించడానికి టేప్‌రికార్డర్ నుంచి కంప్యూటర్‌కు ఒక తీగ, ఆడాసిటీ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంటే సరి. గంట కేసెట్ వేవ్ ఫైల్‌గా దాదాపు 600 ఎంబీ అవుతుంది. ఫ్లాక్ అనే రకం ఫైల్‌గా దాస్తే సుమారు సగానికి తగ్గుతుంది, శబ్దంలో రవ్వంత కూడా పోదు. ఎంపీ3 చిన్నదే కానీ కొంత శబ్దాన్ని తీసేస్తుంది, తీసేసింది మళ్లీ రాదు. అసలు ప్రతి ఫ్లాక్‌లో ఉంచి, ఫోన్ కోసం ఎంపీ3 చేసుకోండి. రెండు హార్డ్‌డిస్కుల్లో, రెండు ఇళ్లలో పెట్టండి. పాడినవాళ్లను అడగకుండా మాత్రం నెట్‌లో పెట్టకండి. ఆ గొంతు వాళ్లది.

ఈసారి బతుకమ్మకు చెరువు గట్టుకు వెళ్లినప్పుడు ఫోన్‌లో పాట రికార్డు చేస్తారు కదా. ఇంటికి రాగానే, పడుకునే ముందే, పాడినామె పేరు, ఊరు, తేదీ ఆ ఫైల్‌లో రాయండి. మా పెట్టెలో ఆ రెండు గొంతులకు నేను ఆ పని చేయలేకపోయాను. మీరు చేయగలరు.

ఇట్లు
మీ మేలు కోరే పెద్దాయన