బయానా ఇచ్చి ఇల్లు గుంజుకుంటరా?

అమ్ముతమని మనం బోర్డు పెట్టలే. అయినా బ్రోకర్ గల్మ తొక్కుతడు. బయానా చేతుల పెట్టి ‘ఉత్త సంతకమే గదా పెద్దమ్మా’ అంటడు. ఉత్తది కాదు! ఆ కాగితంతోనే ఇల్లు వానిది కాదని ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ అంటున్నది, నిజమే. కానీ రిజిస్ట్రేషన్ చేయమని వాడు కోర్టుకెక్కొచ్చు. అమ్మేవాళ్ల కష్టం చూసి డిక్రీ నిరాకరించే విచక్షణ ఒకప్పుడు జడ్జికి ఉండె. 2018 సవరణతో అదీ పోయింది. ఎవరి మేలు కోసం? మోసంతో పెట్టించిన సంతకాన్ని రద్దు చేయించొచ్చట! మోసమని రుజువు చేయాల్సింది మాత్రం పెద్దమ్మనే. 2016 నాటి రెరా కొత్త ప్రాజెక్టుల ఏజెంట్లనే రిజిస్టర్ కమ్మంటది, పాతింటి ముందట నిలబడ్డోన్ని అడగదు. మనం అడిగేది ఒక్కటే: సంతకం పెట్టినంక పది రోజుల్లోపు బయానా వాపసిచ్చి, కాగితం రద్దు చేసుకునే హక్కు చట్టంల రాయాలె.