చావడి కబుర్లు: రైలు పోయిన దారి

గత నెలలో మాకొక వుత్తరం వచ్చింది. హోసూరులో పుట్టి పెరిగి, యిప్పుడు దక్షిణ ఆస్ట్రేలియాలో అడిలైడు నగరంలో వుద్యోగం చేస్తున్న కుర్రవాడు వ్రాశాడు. వరసకు మేనల్లుడు. "మామా, నిన్న పొద్దున నుంచి సాయంత్రం దాకా ద్రాక్షతోటల నడుమ సైకిలు తొక్కాను. దారి పొడుగునా ఒక్క మోటారు బండి నా పక్కనుంచి పోలేదు. మన వూళ్ళో నేను సైకిలు నేర్చుకునే రోజుల్లో అమ్మ గడప దగ్గరే నిలబడి వుండేది. నేను తిరిగి వచ్చేదాకా లోపలికి పోయేది కాదు. ఆమెను ఒకసారి యిక్కడికి పిలుచుకొని రావాలని వుంది" అని.

ద్రాక్షతోట అంటే ఆ దేశంలో ద్రాక్షసారా తోటే. కుటుంబ పత్రికలో యీ ప్రస్తావన చేయవచ్చునా అని సంపాదకులను అడిగాము. "తోట దాకా పొండి, గ్లాసు దాకా పోకండి" అని సెలవిచ్చారు. ఆ మాట న్యాయమే. మన హోసూరు తాలూకా తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీగారు, మద్రాసు రాజధానికి ప్రధానిగా వుండి, మద్యనిషేధాన్ని 1937 అక్టోబరు 1న మొట్టమొదట అమలు పెట్టింది మన పాత సేలం జిల్లాలోనే. ఆ మట్టి మీద నిలబడి సారా మాట ఎత్తటానికి కొంత జంకు వుండవలసినదే. కనుక గ్లాసు పక్కన పెట్టి, దారి సంగతి మాత్రం చెబుతాము.

అడిలైడుకు వుత్తరాన నూట ముప్ఫై కిలోమీటర్ల దూరంలో క్లేర్ లోయ వున్నది. అక్కడి సెవెన్‌హిల్ అనే చోట 1851లో జెసూట్ సన్యాసులు తమ పూజకు కావలసిన ద్రాక్షసారా కోసం తీగలు నాటారు. ఆ లోయ రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్షకు పేరు పొందింది. సైకిలు దారికి కూడా ఆ పేరే పెట్టి రీస్లింగ్ ట్రెయిల్ అంటారు. ఆబర్న్ అనే వూరి నుంచి క్లేర్ మీదుగా సుమారు 33 కిలోమీటర్లు. మోటారు బండ్లకు ప్రవేశం లేదు.

యీ దారిని ఎవరూ కొత్తగా వేయలేదు. ఒకనాడు దాని మీద రైలు నడిచింది. 1983 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రాన్ని కాల్చిన కార్చిచ్చు ఆ రైలు దారిని కూడా దెబ్బతీసింది. తరువాత దానిని మూసివేశారు. పట్టాలు పోయాయి గాని కట్ట మిగిలింది. ఆ కట్టను పోగొట్టుకోకూడదని అక్కడి తోటల వారూ వూళ్ళ వారూ కలిసి పట్టుబట్టారు. 1994 నుంచి దాని మీద సైకిళ్ళు తిరుగుతున్నవి. ఫ్రాన్సు దేశంలోనూ యిదే కథ. బర్గండీ ద్రాక్షసీమలో జివ్రీ నుంచి క్లూనీ దాకా మూతబడిన రైలు దారిని 1997లో సైకిలు దారిగా తెరిచారు.

పాత రైలు దారి సైకిలుకు అంత అనువుగా వుండటానికి కారణమున్నది. రైలు నిట్టనిలువు మెట్టను ఎక్కలేదు. అందుకని దారి వేసేవారు గుట్టను చెక్కి, పల్లాన్ని పూడ్చి, పెద్ద పెద్ద వంపులు తిప్పి, ఎత్తు తెలియకుండా చేస్తారు. యింజనుకు చేసిన ఆ మర్యాద తరువాత అరవై ఏళ్ళ ముసలాయన మోకాళ్ళకు దక్కుతుంది.

యిదంతా మనకెందుకు అంటారా? మనకూ అటువంటి రైలు వుండేది కనుక. నేటి పిల్లలకు తెలియదు గాని, రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద నడిచే చిన్న రైళ్ళు యీ ప్రాంతంలో తిరిగాయి. తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి 1905లో, మొరప్పూరు నుంచి ధర్మపురికి 1906లో దారులు పడ్డాయి. 1913లో ధర్మపురి దారిని హోసూరు దాకా పొడిగించారు. కరువు వచ్చినప్పుడు గింజలు చేరవేయటానికి వుపయోగపడతాయని వేసిన దారులివి. తరువాత మోటారు బస్సులు వచ్చాయి. కృష్ణగిరి రైలు 1936లో, హోసూరు రైలు 1941లో ఆగిపోయాయి. పట్టాలు పెరికివేశారు. కొన్ని దశాబ్దాలకు హోసూరుకు మళ్ళీ రైలు వచ్చింది. కృష్ణగిరి పట్టణానికి మాత్రం నేటికీ స్టేషను లేదు.

మా పెద్దత్త బ్రతికివున్న రోజుల్లో "రైలుకట్ట మీద నడిచి పుట్టింటికి పోయేదాన్ని" అని చెబుతూ వుండేది. అప్పుడు మేము చెవిని పెట్టలేదు. ఏ వూరి కట్ట, ఏ దిక్కు అని అడగలేదు. క్లేర్ వారు తమ కట్ట పోకముందే దాని విలువ గుర్తించారు. మనకు అడిగే బుద్ధి పుట్టేసరికి చెప్పేవారు లేరు.

యిప్పుడు అసలు సంగతికి వస్తాము. మా వీధిలో వొక తల్లి, యిద్దరు పిల్లలు. పెద్దవాడికి పదకొండవ తరగతిలో ప్రభుత్వం వారి వుచిత సైకిలు వచ్చింది. ఆ సైకిలు మీద బడికి పోతూ, పెద్దరోడ్డు పక్కన లారీ వెనుక చక్రం రాసుకొని పడ్డాడు. ప్రాణం దక్కింది. కాలికి మూడు నెలలు కట్టు. యిప్పుడు బాగానే నడుస్తున్నాడు గాని, సైకిలు మాత్రం గాలి పోయి గోడకు ఆనుకొని వుంది. యీ యేడు చెల్లెలు పదకొండుకు వచ్చింది. ఆమెకూ సైకిలు వస్తుంది. తల్లి మా దగ్గరకు వచ్చి అన్నమాట యిది: "అన్నా, రెండు సైకిళ్ళూ అమ్మేయమంటే అమ్మేస్తాను. లేదంటే పిల్లకొక దోవ చూపించు."

మేనల్లుడి వుత్తరం వచ్చిన వారమే యీ మాట పడింది. వాడికి సరదాగా దొరికినది యీ పిల్లకు అవసరమై కూర్చున్నది. హోసూరు నుంచి కృష్ణగిరికి పోయే జాతీయ రహదారి మీద పగలూ రాత్రీ లారీల వరస తెగదు. ఆ రోడ్డు మన వూళ్ళకు బ్రతుకుతెరువు తెచ్చింది, కాదనము. రోజా పువ్వులూ టమాటాలూ మామిడిపండ్లూ దాని మీదే పోతున్నవి. కాని సైకిలు మీది పిల్లకు దాని అంచున చోటు లేదు.

కనుక మేమూ, యెదురింటి మాస్టారుగారూ ఆదివారం తెల్లవారుజామున సైకిళ్ళు తీశాము. ముందు వొళ్ళు అలవాటు పడాలని మత్తిగిరి మీదుగా కెలమంగలం వైపు పోయాము. రాగిచేలు, రోజాతోటల తెల్లని పరదాలు, బావిగట్టున మొలిచిన మునగచెట్లు. యిక్కడ ద్రాక్షసీమ లేదు. కావాలంటే మన దక్షిణ పినాకిని పుట్టిన నందికొండ వైపు పోవాలి. ఆ కొండ కింద దొడ్డబళ్ళాపురం దగ్గర 1988 నుంచి సారాద్రాక్ష పెంచుతున్నారు. ఆ వైపు పండే బెంగుళూరు నీలిద్రాక్షకు 2013లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నది అక్కడ ద్రాక్షను చూసి, మన దగ్గర రాగినీ మామిడినీ చూస్తుంది. మనకు అదే చాలు. దారి దొరికితే మామిడితోటల నడుమ తొక్కినా అంత సుఖమూ వున్నది.

వొక టీకొట్టు దగ్గర దిగాము. కొట్టు ఆయన మా మాట విని తెలుగులోనే పలకరించాడు. మాస్టారుగారు "యిక్కడ రైలుకట్ట అని ఏదైనా వుందా అప్పా?" అని అడిగారు. "మా తాత చెప్పేవాడు సామీ. యిప్పుడు ఎవరి చేను ఎక్కడ మొదలో చెప్పటమే కష్టం, కట్ట ఎక్కడని చెప్పేది?" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు మాస్టారుగారు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "పోయిన కట్టను వెతకటం కాదండీ, వున్న గట్లు చూసుకోవాలి" అన్నారు.

మరుసటి ఆదివారం ఆ పని చేశాము. మా వీధి నుంచి పిల్ల బడి దాకా పెద్దరోడ్డు తగలకుండా పోవచ్చునా అని చూశాము. చెరువుగట్టు, పాత బండ్లబాట, రెండు లేఅవుట్ల మధ్య సందు. పెద్దరోడ్డును దాటవలసినది ఒక్కచోటే, అదీ దాని కిందుగా పోయే దారిలో. మామూలు దారికంటే పది నిముషాలు ఎక్కువ. వొకచోట మాత్రం బాటకు అడ్డంగా ముళ్ళకంప వేసివున్నది. ఆ స్థలం ఎవరిదని విచారిస్తే మన సంఘ సభ్యులదే! వెళ్ళి అడిగాము. ఆయన, "పశువులు పడతాయని వేశాను. సైకిలు పట్టేంత సందు వదులుతాను, ఆడపిల్ల పోవటానికి అడ్డం పెడతానా?" అని మా యెదుటే కంప జరిపించారు.

యీ నాలుగు మాటలూ వ్రాయటానికి కారణం ఆ ముళ్ళకంపే. హోసూరు, బాగలూరు, బేరికె, శూలగిరి, రాయకోట, కృష్ణగిరి చుట్టుపట్ల తరతరాలుగా భూములున్న కుటుంబాలు మన పాఠకులలో అనేకం. మీ చేని పక్కన పాత బండ్లబాట వుండవచ్చు, చెరువుగట్టు వుండవచ్చు. అమ్మేటప్పుడు, కంచె వేసేటప్పుడు, మూడడుగుల సందు వదలగలరేమో చూడండి. మీ యింట పెద్దలెవరైనా రైలుకట్ట పోయిన జాడ చెప్పగలిగితే, యీ నెలలోనే కూర్చోబెట్టి అడిగి మాకు వ్రాయండి. మేము చేసిన ఆలస్యం మీరు చేయవద్దు. మీ పిల్లలు బడికి పోయే దారిని ఒక ఆదివారం మీరే తొక్కి చూసి, దాని గీత గీసి పంపితే, వచ్చే సంచికలలో అచ్చు వేయటానికి సంపాదకులు అంగీకరించారు.

మేనల్లుడికి జవాబు వ్రాశాము. మీ అమ్మను అక్కడికి పిలుచుకొని పో, కాని తిరిగి వచ్చేటప్పుడు నువ్వూ రా, యిక్కడొక దారి చూపిస్తాము అని. దాని పొడవు 33 కిలోమీటర్లు కాదు, మూడుకు మించదు.

అన్న సైకిలుకు చెల్లెలు గాలి కొట్టించింది. మొదటి వారం మాస్టారుగారు వెనుకనే తోడు పోయారు. రెండవ వారం ఆమె, "నేను పోతాను మామా, మీరు యింటికి పొండి" అన్నదట. తల్లి గడప దగ్గర నిలబడే వుంటున్నది. అయితే, పిల్ల సందు తిరిగేదాకా చూసి లోపలికి పోతున్నది.